గొడుగు కాకటూ వాలిన రేకుల ఇల్లు

బాగ్దాద్, సద్రియా
జనవరి, శుక్రవారం, సంత ముగిశాక

ఒరేయ్ ఫాలిహ్, నా కళ్ల వెలుగా,

బాగున్నావా, మన పిల్ల రీమ్ బాగుందా, వాళ్లమ్మ మోకాలు ఎలా ఉంది? అందరూ బాగున్నారనే అనుకుని అసలు సంగతికి వచ్చేస్తున్నా. ఫోనులో కొడుతున్నా, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

ఇవాళ మన పిట్టల సంతలో ఏం జరిగిందో తెలుసా? ఎదురు బల్ల సబ్రీ లేడూ, ముక్కుపొడుం సబ్రీ, వాడు ఒక గులాబీ కాకటూ తెచ్చాడు, మీ ఆస్ట్రేలియా జుట్టుచిలక. వెన్ను బూడిదరంగు, రొమ్ము దానిమ్మ గింజ. ఒక్కటంటే ఒక్కటే. ఒక పాత టొయోటా ధర చెప్పాడు. జనం నవ్వలేదురా, బేరమాడారు! నా దగ్గర ఆరు గొడుగు కాకటూలున్నాయి, తెల్లటివి, జుట్టు విప్పితే గొడుగంత. వాటి మొహం చూసినవాడు లేడు. ఒకడు ఆగి, "ఇది గులాబీరంగు ఎప్పుడవుతుంది?" అని అడిగాడు. పెళ్లయ్యాక అవుతుందన్నాను.

ఇప్పుడు నీ పాత ఉత్తరం తీసి చదివాను. "ఇక్కడ గులాబీవి కరెంటు తీగల మీద బట్టలారేసినట్టు ఉంటాయి, పియర్ తోటలో వాటిని అదిలించడమే నా ఉద్యోగం" అని రాశావు. అంటే సబ్రీ టొయోటాలని నువ్వు హుష్ హుష్ అని తరుముతున్నావన్నమాట. దానికి నీకు జీతం కూడా ఇస్తున్నారు!

ఒక్క జత పంపరా. ఒక పెట్టెలో పెట్టు, నాలుగు చిల్లులు పెట్టు. తక్కినదంతా దేవుడు చూసుకుంటాడు.

నీ కుర్చీ నా బల్ల పక్కనే ఉంది. పదకొండేళ్లయింది, ఎవర్నీ కూర్చోనివ్వలేదు. పిల్లి మాత్రం మాట వినదు.

నీ హాతిమ్


షెపర్టన్, ఆస్ట్రేలియా
ఫిబ్రవరి, ఎండ మండిపోతోంది

హాతిమ్ అన్నా,

నీకన్నా పిట్టల గురించి ఎక్కువ తెలిసినవాడు బాగ్దాద్‌లో లేడంటావు, ఈ ఒక్కటి ఎలా మర్చిపోయావు? ఈ దేశం నుంచి కాకటూ ఈక కూడా బయటికి పోదు. గుడ్లు బనీను లోపల కుట్టుకుని విమానం ఎక్కబోయినవాళ్లు జైల్లో ఉన్నారు. అందుకే మీకక్కడ అంత ధర. మీ సబ్రీ దగ్గరున్నది ఏ యూరప్ పంజరంలోనో పుట్టి ఉంటుంది, దాని ముత్తాత కూడా పియర్ చెట్టు చూసి ఉండదు.

ఇక్కడ వాటిని ఎవరూ లెక్కచెయ్యరు. నిన్న బడి మైదానంలో రెండువందలు దిగాయి, పిల్లలు వాటి మధ్య బంతి ఆడుకుంటున్నారు. తోట యజమాని నాకు పెద్ద శబ్దం చేసే గొట్టం ఒకటి ఇచ్చాడు. ఒకసారి పేలిస్తే నా గుండె ఆగినంత పనైంది, కాకటూలు మాత్రం మెడ వంచి చూసి మళ్లీ పియర్ కొరుక్కున్నాయి. ఆ గొట్టం పక్కన పడేశాను. పొడుగాటి వెదురు తెచ్చి చివర నల్లగుడ్డ కట్టాను, మన డాబాల మీద పావురాలకి ఊపినట్టు ఊపాను. గుంపంతా లేచింది. ఎడమకి ఊపితే ఎడమకి, కుడికి ఊపితే కుడికి. యజమాని నోరు తెరిచి చూశాడు. "నువ్వు ఇంతకు ముందు ఏం చేసేవాడివి?" అన్నాడు. ఏం చెప్పను? పావురాలు ఎగరేసేవాణ్ణనే కదా మన వీధిలో నా మాట సాక్ష్యానికి కూడా పనికిరాదని తీసిపారేశారు. గోడ తగాదాలో పెద్దలు అన్న మాట నీకు గుర్తుందా? "పావురాలవాడు పక్కవాడి పిట్ట కోసం రోజుకి నాలుగు అబద్ధాలాడతాడు, వాడి సాక్ష్యం వద్దు, బయట కూర్చోమను."

ఇక్కడ చూడు తమాషా. పౌరసత్వం కాగితంలో నన్ను కనీసం ఏడాదిగా ఎరిగిన పెద్దమనిషి ఎవరైనా, "ఇతను ఎవరని చెప్తున్నాడో అతనే" అని సంతకం పెట్టాలిట. మార్జరీ అని రిటైరైన టీచరమ్మ ఉంది, మంగళవారాలు లైబ్రరీలో నాకు ఇంగ్లీషు చెప్తుంది. ఆవిడ పెడతానంది. అది వస్తే పాస్‌పోర్టు, పాస్‌పోర్టు వస్తే బాగ్దాద్, నీ పక్కన కుర్చీ. ఆ పిల్లికి చెప్పు.

ఇంకో సంగతి. నిన్న నా రేకుల మీద ఒక తెల్లది వాలింది. ఇక్కడి తెల్లవాటికి జుట్టు పసుపు. దీనికి జుట్టు కూడా తెలుపే. ఈల వేశాను. తిన్నగా చేతి మీదికొచ్చి కూర్చుంది! పదకొండేళ్ల తర్వాత నా చేతి మీద ఒక పిట్ట బరువు. కాలికి కడియం ఉంది. ఫోటో పంపుతున్నా, ఏమిటిది?

ఫాలిహ్


బాగ్దాద్
ఫిబ్రవరి, ఫోటో చూసిన వెంటనే

ఒరేయ్ ఫాలిహ్,

చాయ్ ముక్కులోంచి వచ్చేసింది. ఏమిటిదని నన్నడుగుతున్నావా? ఇది గొడుగుది! నా దగ్గర ఆరు మగ్గుతున్నాయని మొన్నే కదరా ఏడ్చాను! ప్రపంచంలో ఎక్కడ పంజరం తెరిచినా ముందు ఇదే బయటికొస్తుంది. దుబాయ్‌లో ఇదే, బస్రాలో ఇదే, అమెరికాలో అయితే పెంచలేక, నోరు భరించలేక, ఊరికే ఇచ్చేస్తారట. బస్రా రేవులో ఒక ఇండోనేషియా నావికుడు కలిశాడు. "ఇవి మా దీవి పిట్టలే పెద్దాయనా, మా అడవిలో చూసినవాటికంటే మీ సంతల్లోనే ఎక్కువ చూశాను" అన్నాడు పాపం.

నీ ఇంటి మీద వాలడానికి ఇది తప్ప ఇంకో పిట్ట దొరకలేదా? గులాబీవి తీగల మీద ఊగుతున్న దేశంలో నీ రేకుల మీదికి నా అటక సరుకు వచ్చింది!

సరే, వచ్చింది కదా, ఉంచుకో. మన రివాజు తెలుసుగా, ఎవడి డాబా మీద వాలితే వాడిది. కడియం ఉందంటావా, ఎవడో పోగొట్టుకున్నాడని మాత్రమే దానర్థం. ఈ పిట్ట కోసం ఎవడూ వెతకడు, నేను చెప్తున్నాగా, ముప్ఫై ఏళ్ల వ్యాపారం. ఒకవేళ ఎవడైనా గుమ్మంలోకొచ్చాడే అనుకో, ఏం చెప్పాలో నీకు నేను నేర్పాలా?

పొద్దుతిరుగుడు గింజలు తక్కువ పెట్టు, కొవ్వు పడుతుంది. తలుపులు జాగ్రత్త, చెక్క కనబడితే వదలదు.

నీ హాతిమ్


షెపర్టన్
మార్చి, బుధవారం

హాతిమ్,

నువ్వు చేతిలో ఏమున్నా కింద పెట్టి చదువు.

నిన్న మంగళవారం టీచరమ్మ లైబ్రరీకి రాలేదు. నాలుగేళ్లలో మొదటిసారి. సాయంత్రం మా గేటు దగ్గర ఆవిడ కారు ఆగింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. చేతిలో కాగితాల కట్ట, ప్రతి కాగితం మీదా ఒక తెల్ల పిట్ట బొమ్మ.

"ఫాలిహ్, మా డచెస్ పోయి మూడు వారాలైంది. ఇంటింటికీ తిరుగుతున్నాను. మీ ఇంటివైపు ఏమైనా వచ్చిందా?"

ఆవిడకి పిట్ట ఉందని నాకెలా తెలుస్తుందిరా? మేమిద్దరం ఎప్పుడూ క్రియాపదాల గురించే మాట్లాడుకుంటాం. ఇప్పుడిక చూడు. నేను ఆలోచించలేదు. ఒట్టు, ఒక్క క్షణం ఆలోచించినా వేరే మాట వచ్చేది. నా కుడిచెయ్యి దానంతటదే గుండె మీదికెళ్లింది. నా నోరు దానంతటదే ఇంగ్లీషులో అంది: "దేవుడి సాక్షిగా, నా డాబా మీద ఏ పిట్టా వాలలేదు, నా కంట ఏ రెక్కా పడలేదు."

నాకు డాబానే లేదు హాతిమ్! రేకుల ఇల్లు!

ఆవిడ నా మొహంలోకి చూసి, చెయ్యి పట్టుకుని, "నాకు తెలుసు. వచ్చుంటే నువ్వే ముందు చెప్పేవాడివి" అంది. చెప్పి కారులోంచి నా పౌరసత్వం కాగితం తీసింది. "ఎలాగూ వచ్చాను కదా" అని, కారు మీదే పెట్టి, సంతకం చేసి ఇచ్చింది. ఎన్నేళ్లుగా ఎరుగుదురు అన్నచోట "నాలుగేళ్లు" అని గుండ్రంగా రాసింది.

ఆ సమయంలో ఆ డచెస్ మా స్నానాలగదిలో తలుపు నములుతోంది. రీమ్ కుళాయి తిప్పి వదిలింది, చప్పుడు వినబడకుండా. నా కూతురు! ఇక్కడ పెరిగిన పిల్ల! ఎవరు నేర్పారు దానికి?

ఇంకోటి విను. ఈ దేశంలోకి బయటి పిట్టల్ని రానివ్వరు. గొడుగుది ఇక్కడి అడవి పిట్ట కాదు, కాబట్టి దొరకదు. ఉన్నవి ఎప్పుడో వచ్చిన కొన్నింటి పిల్లలే. మీ సబ్రీ గులాబీదానికి చెప్పిన ధర ఇక్కడ దీనికి చెప్తారు. ఎవడూ వెతకడన్నావే, ముప్ఫై ఏళ్ల వ్యాపారమన్నావే! ఆవిడకి ఆ పిట్ట ముప్ఫై రెండేళ్లుగా ఉందిట, నీ వ్యాపారం కన్నా పెద్దది.

కాగితం బల్ల మీద ఉంది. పోస్టు చెయ్యడానికి చెయ్యి రావట్లేదు. ఏం చెయ్యను?

ఫాలిహ్


బాగ్దాద్
మార్చి

ఫాలిహ్, నా ప్రాణమా,

కోప్పడకు. నాకేం తెలుసురా, బంగారాన్ని తీగల మీద వదిలేసి అటక సరుకుని నెత్తిన పెట్టుకునే దేశం ఉంటుందని! నా ఆరూ అక్కడుంటే నేనీపాటికి మేడలు కట్టేవాణ్ణి. ఆ సంగతి వదిలెయ్.

పని ఇలా చెయ్. ముందు కాగితం పోస్టు చెయ్. సరేనా? తర్వాత తెల్లారగట్ల పిట్టని పెట్టెలో పెట్టి ఆవిడ ఇంటి కంచె దగ్గర వదిలెయ్. ఆవిడ లేచి చూస్తుంది, ఏడుస్తుంది, నవ్వుతుంది, అందరికీ చెప్తుంది. నువ్వు మంగళవారం వెళ్లి, "అయ్యో దొరికిందా టీచరమ్మా" అని స్వీటు డబ్బా ఇస్తావు. ఎవరికీ నష్టం లేదు.

చేతికి మాత్రం ఇవ్వకు. పిట్టని చేతికిచ్చినవాడు దాచినట్టు ఒప్పుకున్నట్టే. ఆ మాట మనిద్దరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. పదకొండేళ్లు ఆగావు, ఒక్క సంతకం నీకూ బాగ్దాద్‌కీ మధ్య. పిట్ట కోసం పాడుచేసుకుంటావా?

కుర్చీకి కొత్త నవారు వేయిస్తున్నా.

హాతిమ్


షెపర్టన్
ఏప్రిల్

హాతిమ్ గారికి,

మీ సలహా ప్రకారం చేశాను. తెల్లారగట్ల వెళ్లాను, కంచె పక్కన పెట్టె తెరిచాను, వెనక్కి చూడకుండా సైకిలెక్కాను. నేను ఇంటికి చేరేసరికి డచెస్ నాకంటే ముందే వచ్చి రేకుల మీద కూర్చుంది. జుట్టు విప్పి అరుస్తోంది. పక్కింటాయన పళ్లు తోముకుంటూ చూస్తున్నాడు.

ఎందుకు రాదు? వారాల తరబడి రోజూ ఈల వేసి చేత్తో గింజలు తినిపించాను. మన పావురాలకి ఇల్లు నేర్పినట్టే నేర్పాను. చేతులకి వేరే పని రాదు మరి.

కాగితం పోస్టు చెయ్యలేదు. నిన్న మళ్లీ మంగళవారం. ఆవిడ నాకు "నేను చెప్పాను, నేను చెప్పి ఉన్నాను, నేను చెప్పి ఉండవలసింది" నేర్పింది. నేను పదిసార్లు పైకి చదివాను.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మన సంతలో, మన డాబాల మీద, మన తాతల కాలం నుంచి, దాచిన పిట్టని తిరిగిచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఉంటే గుమ్మంలో నిలబడి ఏమన్నాడు? లేదని చెప్పడానికి మనకి తయారుగా మాటలున్నాయి, చెయ్యి ఎక్కడ పెట్టాలో కూడా ఉంది. ఉందని చెప్పడానికి ఏ మాటలు వాడాలో నాకు తెలియట్లేదు. అరబ్బీలో కూడా తెలియట్లేదు.

ఫాలిహ్


బాగ్దాద్
ఏప్రిల్, కరెంటు పోయింది, ఫోను వెలుగులో

ఫాలిహ్,

నన్ను "గారు" అన్నావు. అన్నం సయించలేదు.

రెండు రోజులు సంతలో ముసలాళ్లందర్నీ అడిగాను. తిరిగిచ్చినవాడు ఒక్కడూ లేడు. ఒకాయన, "ఎందుకు, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. అందుకని నేనే మొదటివాణ్ణి అవుతాను. నీకు మాటలు కావాలి కదా.

నీ అందెల పావురం గుర్తుందా? ఎర్రది, కాళ్లకి వెండి అందెలు వేశావు, ఎగిరితే వీధంతా గలగలమనేది. నువ్వు వెళ్లిపోయిన ఏడాది, వేసవిలో తప్పిపోయింది. మూడు రోజులు గల్లీలన్నీ తిరిగావు. నా దగ్గరికి రెండుసార్లు వచ్చావు. రెండోసారి నేను భోజనం చేస్తున్నా. రొట్టె మీద చెయ్యేసి ప్రమాణం చేశాను.

నీ పిట్ట నా డాబా మీదే ఉందిరా.

ఇవే మాటలు. ఇంతకంటే లేవు. నేను చాలా వెతికాను, అలంకారాలు పెట్టి చూశాను, సాకు కలిపి చూశాను, ఏదీ నిలబడలేదు. నువ్వెళ్తావని నాకు తెలీదు, తెలిస్తే ఇచ్చేసేవాణ్ణేమో. ఇచ్చేవాణ్ణి కాదు, అది కూడా అబద్ధమే. అంత అందమైన పిట్ట నా జన్మలో నా డాబా మీద వాలలేదు. తొమ్మిదేళ్లు బతికింది. దాని పిల్లలు, పిల్లల పిల్లలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కటి కూడా అమ్మలేదు. కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంచానో ఇప్పుడు నీకు తెలుస్తుంది. స్నేహం కొంత, మిగతాది ఇది.

ఈ మాటలు పట్టుకెళ్లి ఆవిడకి చెప్పు. నాకు జవాబు రాసినా రాయకపోయినా.

హాతిమ్


షెపర్టన్
మే, చలి మొదలైంది

ఒరేయ్ హాతిమూ,

నాకు తెలుసు.

నువ్వు ప్రమాణం చేసిన తర్వాత శుక్రవారం నీ ఇంట్లో చాయ్ తాగుతున్నా. పైన అందెలు గలగలమన్నాయి. నువ్వు వెంటనే రేడియో పెంచావు. ఆ తొందరలో నీ చాయ్ సాసరులో ఒలికింది. అడుగుదామనుకున్నా. అడిగితే నువ్వు మళ్లీ రొట్టె మీద చెయ్యి వేస్తావు. ఒక్క అబద్ధానికే నీ మొహం అలా అయిపోయింది, రెండోది చూడలేననిపించింది. ఇంకా చక్కెర వేసుకుని తాగేశాను. అయినా నీ నోటితో వినడం వేరేరా.

మంగళవారం కాదు, సోమవారమే వెళ్లాను, మనసు మారుతుందేమోనని. పిట్ట భుజం మీద, కాగితం చేతిలో. సైకిలు మీద వెళ్తుంటే ఊరంతా మమ్మల్ని చూసింది. ఆవిడ తలుపు తీసింది. నేను నీ మాటలే అన్నాను: "మీ పిట్ట నా ఇంటి మీదే ఉంది టీచరమ్మా. మీరొచ్చిన రోజు కూడా ఉంది."

ఆవిడ పిట్టని తీసుకుంది. అది ఆవిడ చెవి పక్కన తల పెట్టుకుంది. ఐదు నిమిషాలు నావైపు చూడలేదు. నేను వెళ్లిపోదామని తిరిగాను.

"ఆగు. ఆ కాగితం ఇటివ్వు."

ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని తను రాసిన "నాలుగేళ్లు" చూసింది. నిలువునా చింపింది, అడ్డంగా చింపింది.

"ఇందులో తప్పు రాశాను ఫాలిహ్. నాలుగేళ్లుగా ఎరుగుదునన్నాను. నిన్ను ఇవాళే చూస్తున్నాను."

"అవునండీ."

"ఏడాది అయినా ఎరిగి ఉండాలంటారు వాళ్లు. వచ్చే మే నెలలో ఇదే తారీఖుకి కొత్త కాగితం పట్టుకురా, సంతకం చేస్తాను. ఈలోగా మంగళవారాలు మానకు. భూతకాలం నీకింకా సరిగ్గా రాలేదు."

ఇంకెవరినైనా అడగొచ్చు కదా అంటావు. తోట యజమాని ఉన్నాడు, డాక్టరున్నాడు. వద్దులే. ఈ సంతకమే కావాలి నాకు.

సంగతేమిటంటే, డచెస్ రోజూ సాయంత్రం నా రేకుల మీదికి వచ్చేస్తోంది. ఆవిడ కారులో వస్తుంది తీసుకెళ్లడానికి. పిట్ట దిగేదాకా మా వాకిట్లో కూర్చుని నిమ్మకాయ చాయ్ తాగుతుంది, మా ఆవిడతో మోకాళ్ల గురించి మాట్లాడుతుంది. బాగ్దాద్‌లో ఇలాంటివి ఆరున్నాయి, కొనేవాడు లేడని చెప్పాను. అరగంట నవ్వింది.

కుర్చీ ఇంకో ఏడాది కాపాడు. అందెలదాని మనవల్లో ఒక ఎర్ర జత పక్కన పెట్టు. వచ్చి నీ గుమ్మంలో నిలబడి అడుగుతాను, ఏం చెప్తావో చూస్తాను.

ఫాలిహ్


బాగ్దాద్
జూన్, శుక్రవారం

ఒరేయ్ నా ఫాలిహూ,

ఎర్ర జత పక్కన పెట్టాను. అందెలు కొత్తవి చేయించాను, పాతవి కరిగించనివ్వలేదు మా ఆవిడ.

ఇప్పుడు ఇది విను. మొన్న మధ్యాహ్నం నా డాబా మీద చప్పుడైంది. వెళ్లి చూస్తే సబ్రీ గులాబీ కాకటూ! పంజరం కొక్కెం విప్పుకుని వచ్చేసింది. పాత టొయోటా నడిచొచ్చి నా నీళ్లతొట్టి అంచున కూర్చుంది! కింద సబ్రీ అప్పటికే గల్లీలో గుండెలు బాదుకుంటున్నాడు.

"హాతిమ్! ఓ హాతిమ్! నీ డాబా మీదికి ఏమైనా..."

నా చెయ్యి గుండె మీదికి వెళ్లిందిరా. ఒట్టు, వెళ్లిపోయింది. సగం దారిలో పట్టుకున్నా.

"ఉంది," అన్నాను. "నా డాబా మీదే ఉంది. వచ్చి తీసుకెళ్లు."

సబ్రీ మొహం తెల్లబోయింది. పైకొచ్చాడు, పిట్టని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పిట్టని చూశాడు. "ఏం చేశావు దీన్ని?" అన్నాడు. ఏం చెయ్యలేదన్నాను. "జబ్బు చేసిందా?" అన్నాడు. లేదన్నాను. ఈపాటికి సంతంతా పాకిపోయింది, హాతిమ్ గులాబీ పిట్టని తిరిగిచ్చాడంటే అందులో ఏదో ఉందని. ధర సగానికి సగం పడిపోయింది, ఎవడూ ముట్టుకోవట్లేదు. సబ్రీ నన్ను తిడుతున్నాడు, అబద్ధమాడి ఉంటే బావుండేదని.

పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చున్నాడు, నీ కుర్చీలో. నేను లేవమంటే లేవడు. పిట్ట కాలి కడియం తిప్పి తిప్పి చూస్తున్నాడు, పిట్టనే మార్చేశానేమోనని.

నీ హాతిమ్